క్రీడాశిల్పి గుంపే యోకోయి

వీడియో ఆటలలో సర్వకాలములందును నీకు మిక్కిలి ఇష్టమైనది ఏది యని పదిమందిని అడిగినచో పది సమాధానములు వచ్చును. అడిగినవాడు కొంచెము చతురుడైనచో ఆ సమాధానమును బట్టి చెప్పినవాని వయస్సును కూడ ఊహింపగలడు. పైనుండి రాలు దిమ్మెలను సందు లేకుండ పేర్చు టెట్రిస్ పేరు చెప్పినవాడు నలువది దాటినవాడు కావచ్చును. మీసముల మారియో అన్నవాడు వాని ఈడువాడో, వాని తమ్ముడో యగును. పోకెమాన్ అన్నవాడు ముప్పదియేండ్ల ప్రాయమువాడు. చేతిఫోనులో తుపాకి కాల్చు ఆటపేరు చెప్పినవాడు ఇప్పటికిని తరగతి గదిలో కూర్చుండువాడు. పొడుపుకథ వేసి విప్పుమనుట తెలుగు పిల్లలకు తరతరాలుగా వచ్చిన వేడుక. తీరిక వేళ బడివసారాలలో సాగు ఈ ఇష్టాయిష్టముల ఊహ ఆ వేడుకకే క్రొత్త రూపము. అయితే పై సమాధానములలో మొదటి మూడింటి వెనుకను ఒకే మనుష్యుని చేయి గలదని ఊహించువారు అరుదు. ఆ మూడింటిలో ఒక్కదానినైనను ఆయన తాను కల్పింపలేదు. ఒకదానికి పెద్దదిక్కుగా నిలిచెను. మిగిలిన రెండును కోట్ల పిల్లల పిడికిళ్లలోనికి చేరుటకు వలసిన పనిముట్టును తయారు చేసి యిచ్చెను. ఆయనయే జపాను దేశస్థుడైన గుంపే యోకోయి.

యోకోయి 1941 సెప్టెంబరు 10వ తేదీన క్యోటో నగరమున జన్మించెను. అది జపానుకు ప్రాచీన రాజధాని. దేవాలయములకును, చేతిపనులకును, చిరకాలముగా నిలిచిన చిన్న చిన్న కుటుంబ వ్యాపారములకును పేరుగాంచిన పట్టణము. ఆయన ఆ యూరనే యున్న దోషిషా విశ్వవిద్యాలయమున ఎలక్ట్రానిక్ శాస్త్రము చదివి పట్టము పొందెను. చదువులో అగ్రగణ్యుడు కాడు. పేరుపొందిన విద్యుత్పరికరముల సంస్థలకు దరఖాస్తులు పెట్టుకొన్నను ఏదియు ఆయనను చేర్చుకొనలేదు. తుదకు 1965లో ఆ యూరిలోనే యున్న ఒక పేకముక్కల కార్ఖానాలో యంత్రములను కనిపెట్టియుండు ఉద్యోగము దొరికెను. ఊరు విడువ నక్కరలేదు గదా యని అందులో చేరెను. ఆ కార్ఖానా పేరు నింటెండో.

నేడు ఆ పేరు వినగానే స్ఫురించు సంస్థ వేరు, ఆనాటి సంస్థ వేరు. 1889లో ఫుసజిరో యమౌచి యను నాతడు హానాఫుదా ముక్కలు చేయుటకై దానిని స్థాపించెను. హానాఫుదా యనగా పూలముక్కలని యర్థము. పేకలో నలుబదియెనిమిది ముక్కలుండును. సంవత్సరమునకు పండ్రెండు మాసములు, మాసమునకు నాలుగు ముక్కలు, ఒక్కొక్క మాసమునకు ఒక్కొక్క పూవు గాని చెట్టు గాని గుర్తు. జనవరికి దేవదారు జాతి చెట్టు, మార్చికి చెర్రీపూవు, సెప్టెంబరుకు చేమంతి. తెల్లవారకముందే బుట్టలతో చేమంతులును బంతులును దిగు ఆనందపురము పూలసంత నెరిగినవారికి, పూవును బట్టి నెలను చెప్పు ఈ ఆట చప్పున మనస్సునకు పట్టును. యోకోయి చేరునాటికి సంస్థకు అధ్యక్షుడు స్థాపకుని మునిమనుమడు హిరోషి యమౌచి. ఇరువదియొక్క యేండ్ల ప్రాయముననే, 1949లో, ఆ పీఠమెక్కినవాడు. ముక్కుసూటి మనిషి, ముంగోపి. తాను ఆటలాడువాడు కాకున్నను ఏ యాట అమ్ముడుపోవునో పసిగట్టుటలో దిట్ట. ఆయన టాక్సీలు నడిపించి చూచెను, వేడినీరు పోసికొని తిను అన్నపు పొట్లములు అమ్మించి చూచెను. ఏదియు నిలువలేదు.

యంత్రములు సరిగా నడచుచున్నంతసేపు వానిని కనిపెట్టువానికి పని యుండదు. యోకోయి ఆ తీరిక వేళ కార్ఖానాలోని పనిముట్లతో తన వినోదమునకై ఏవో బొమ్మలు చేసికొనుచుండెను. ఒకనాడు కర్రబద్దలను అడ్డదిడ్డముగా కలిపి మేకులు బిగించి ఒక సాగుచేయిని చేసెను. పిడులు దగ్గరకు నొక్కినచో అది పటకారువలె ముందునకు సాగి దూరముననున్న వస్తువును పట్టుకొనును. దానితో ఆడుకొనుచుండగా అధ్యక్షుడు చూచెను. కొంతసేపటికి తన గదికి రమ్మని కబురంపెను. పనివేళ ఆటలాడినందుకు చీవాట్లు తప్పవని యోకోయి భయపడుచు వెళ్లెను. యమౌచి చీవాట్లు పెట్టలేదు. ఆ బొమ్మను అమ్మకమునకు తగిన సరుకుగా మార్చుమని ఆజ్ఞాపించెను. 1966లో అది అల్ట్రా హ్యాండ్ అను పేరుతో అంగళ్లకు వచ్చి పండ్రెండు లక్షల వరకు అమ్ముడుపోయెను. యంత్రములు కనిపెట్టువాడు బొమ్మలు కల్పించువాడయ్యెను. పేకముక్కల సంస్థ బొమ్మల సంస్థగా మారెను. యజమాని గదికి పిలుపు వచ్చిన ఆ మధ్యాహ్నము ఆయన ఉద్యోగము పోయియున్నచో తరువాతి కథ ఎట్లుండెడిదో!

తరువాతి పదునాలుగేండ్లు ఆయన చేసిన బొమ్మలు అనేకములు. ఇంటిలోనే బంతులు విసరి బేస్‌బాలు ఆడించు యంత్రమును 1967లో చేసెను. 1969లో వచ్చిన ప్రేమమాపకము చిత్రమైనది. యువతీయువకులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని తక్కిన చేతులతో చెరియొక గుండును పట్టుకొన్నచో యంత్రములోని ముల్లు కదలి వారి ప్రేమ ఎంతయో చూపునట. లోపల నున్నది శరీరముగుండ పారు స్వల్ప విద్యుత్తును కొలుచు సామాన్య పరికరము తప్ప మరేమియు కాదు. బాలికల చేయి పట్టుకొనుటకు జపాను యువకులు సిగ్గుపడు ఆ రోజులలో అందుకొక సాకు కల్పించుటయే దాని ఉద్దేశము. ఇందులో కొంత కొంటెతనము లేకపోలేదు. కాని ఆయన బుద్ధి పనిచేయు తీరు కూడ ఇందులోనే యున్నది. పరికరము పాతది, దానిని పెట్టిన చోటు క్రొత్తది.

ఇట్టిదే 1972 నాటి మరియొక బొమ్మ. దూరమునుండి రేడియో తరంగములచే నడపు బొమ్మకారు ఆ కాలమున మిక్కిలి ఖరీదైన వస్తువు. సామాన్యుల పిల్లలకు అందునది కాదు. యోకోయి ఆ కారునకు ఎడమవైపు తిరుగు శక్తిని మాత్రమే ఉంచి తక్కినవి తీసివేసెను. అందుచే ధర బాగుగా తగ్గెను. ఎడమకు మాత్రమే తిరుగు కారు ఏల యని పెద్దలు నవ్వవచ్చును. పందెపు బాట గుండ్రముగా నుండును గదా! గుండ్రని బాటపై ఎడమకు తిరుగుచు పోవు కారునకు కుడి మలుపుతో పనియేమి?

ఆయన ఆలోచనకు మూలమైన సూత్రము జపానులో ప్రసిద్ధము. ఆంగ్లములోనికి తెచ్చినవారు వాడిన విజ్ఞానము, ఎండిన విజ్ఞానము అని యనువదించిరి. తెలుగువానికి అంత తిప్పలు అక్కరలేదు. చేవదేరిన కలప యన్న మాట మన వడ్రంగులు వాడుచునే యున్నారు. పచ్చికొయ్యతో చేసిన తలుపు చూచుటకు నునుపుగానే యుండును, ఎండ తగిలినంతనే వంగిపోవును. ఎండి, ఒదిగి, గుణదోషములు తేటపడిన కొయ్యయే పనికి వచ్చును. అట్లే ఒక యంత్రభాగము లోకమంతట విరివిగా తయారై, చౌకయై, దాని లోపములన్నియు తెలిసిపోయిన పిదపనే దానిని ఆటవస్తువునందు వాడవలెనని యోకోయి నిశ్చయము. అయితే అందరును వాడిన చోట వాడరాదు, ఎవరును తలపని ప్రక్కచోట వాడవలెను. సరికొత్త విజ్ఞానముతో పోటీపడుట ధనబలము గలవారి పని. పాతదానికి క్రొత్త చోటు వెదకుట బుద్ధిబలము గలవాని పని. ఈ రెండవ దారినే ఆయన జీవితమంతయు నడచెను.

ఆ దారి అంతటను పూలబాట కాదు. ఎండపలకలను ఉపయోగించి వెలుతురు తూటాలను పట్టు తుపాకి బొమ్మలను 1970లో చేసి జయము పొందెను. ఆ ధైర్యముతో పెద్ద మైదానముల వంటి శాలలలో వెలుతురు తుపాకులతో గురికొట్టు ఆటను 1973లో ప్రారంభించిరి. ఆ యేడే చమురు సంక్షోభము వచ్చిపడెను. కోరిన శాలలవారు ఒప్పందములు రద్దు చేసికొనిరి. సంస్థ అప్పులపాలయ్యెను. ఇంతలో అమెరికాలో 1972లో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ, అటారీవారి పాంగ్ అనునవి వీడియో ఆటల యుగమునకు తెరతీసెను. నింటెండో 1977లో టెలివిజనుకు తగిలించు ఆటపెట్టెలతో ఆ రంగమున అడుగుపెట్టెను.

యోకోయి కీర్తికి నిజమైన పునాది ఒక రైలు ప్రయాణము. అతివేగపు షింకాన్‌సెన్ రైలులో పోవుచుండగా, పనినుండి అలసి వచ్చుచున్న ఒక ఉద్యోగి విసుగు తోచక జేబులోని లెక్కలయంత్రము తీసి ఊరక మీటలు నొక్కుకొనుచుండుట ఆయన కంటబడెను. పెద్దవాడు నలుగురిలో ఆటలాడుటకు సిగ్గుపడును. ఆడుచున్నట్లు ఇతరులకు తెలియనంత చిన్న యాట యున్నచో తప్పక ఆడును. ఒడిలో చేతులు పెట్టుకొని రెండు బొటనవ్రేళ్లతో ఆడదగినదై, లెక్కలయంత్రము వలె పలుచగా నుండవలెనని ఆయన తలచెను. తరువాత ఒకనాడు అధ్యక్షుని కారు నడపువాడు రాలేదు. యోకోయియే కారు నడుపవలసి వచ్చెను. దారిలో ఊరకుండలేక ఈ యూహను యమౌచి చెవిని వేసెను. ఆయన విన్నట్లును కానరాలేదు. కాని ఆ నాటి సమావేశమున యమౌచి ప్రక్కన కూర్చున్నది లెక్కలయంత్రములు చేయు షార్ప్ సంస్థ అధ్యక్షుడు. కొద్ది దినములకు షార్ప్ పెద్దలు నింటెండో వాకిట దిగినప్పుడు గాని తన మాట ఎంత దూరము పోయినదో యోకోయికి తెలియలేదు.

షార్ప్, కాసియో సంస్థల మధ్య లెక్కలయంత్రముల పోటీ తీవ్రమై ద్రవస్ఫటికపు పలకల ధర పడిపోయిన కాలమది. చేవదేరిన కలప సిద్ధముగా నున్నది. 1980 ఏప్రిలులో గేమ్ అండ్ వాచ్ వరుసలో మొదటిదైన బాల్ అను ఆట వెలువడెను. గారడీవాడు బంతులెగురవేయుట తప్ప అందులో మరేమియు లేదు. ఆడనప్పుడు గడియారముగా పనిచేయును. ఆ వరుసలో అరువది రకముల వరకు వచ్చినవి. లోకమంతట 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయినవి. నింటెండో అప్పులు తీరినవి.

1982లో డాంకీ కాంగ్ ఆటను ఈ వరుసలోనికి తెచ్చునప్పుడు ఒక చిక్కు వచ్చెను. అంగళ్లలోని పెద్ద యంత్రమునకు పిడి యుండును. దానిని నాలుగు దిక్కులకు వంచి మనిషిని నడపుదురు. జేబులో పెట్టుకొను వస్తువునకు పిడి యెట్లు కుదురును? యోకోయి పిడిని తీసివేసి సంకలన చిహ్నము ఆకారమున ఒకే ముక్కగా నున్న మీటను అమర్చెను. బొటనవ్రేలు నడుమ నుంచి ఏ కొమ్మపై నొక్కిన ఆ దిక్కునకు బొమ్మ నడచును. చూడనక్కరలేదు, వ్రేలికే దిక్కు తెలియును. దారులు కలియు కూడలిలో నిలిచి ఏ దారి పట్టవలెనో కాలికి తెలిసినట్లే. మరుసటి యేట వచ్చిన నింటెండో ఇంటి ఆటపెట్టెకు ఇదే మీటను పెట్టిరి. ఆ తరువాత ఏ దేశపు ఆటపెట్టె చూచినను ఈ శిలువమీటయో, దాని జ్ఞాతియో కానవచ్చును. ఆటను కల్పించినవాని పేరు పిల్లలకు తెలియును. మీటను కల్పించినవాని పేరు ఎవరు అడుగుదురు?

డాంకీ కాంగ్ పుట్టుక 1981 నాటిది. అమెరికాకు పంపిన రాడార్ స్కోప్ అను ఆటయంత్రములు మూడువేలలో రెండువేలు అమ్ముడుపోక గిడ్డంగిలో పడియుండెను. వానిలోని ఆటను మార్చి క్రొత్త ఆట పెట్టవలెనని యమౌచి నిశ్చయించి, ఆ పనిని చిత్రకారుడుగా చేరిన యువకుడు షిగెరు మియమోటోకు అప్పగించెను. అనుభవము లేని ఆ యువకునికి పెద్దదిక్కుగా యోకోయిని నియమించెను. ఆ ఆటలో కోతినుండి కన్యను విడిపించు వడ్రంగియే తరువాత మారియో యను పేరు పొందెను. 1983లో వారిరువురును మారియో బ్రదర్స్ ఆటను చేయునప్పుడు ఒక చిన్న తగవు వచ్చెను. ఎత్తునుండి దూకినచో మారియో గాయపడవలెనా, పడరాదా? గాయపడనిచో ఆటలో రసమేమున్నదని మియమోటో సందేహించెను. మానవాతీతమైన బలము ఉండనిమ్మని యోకోయి ఒప్పించెను. నాటినుండి నేటివరకు మారియో ఎంత ఎత్తునుండి దూకినను కాలు విరుగలేదు.

1983లో అమెరికాలో వీడియో ఆటల వ్యాపారము కుప్పకూలగా అంగడివారు ఆ మాట వినుటకే యిష్టపడలేదు. బొమ్మవలె కనబడు ఒక మరమనిషిని యోకోయి బృందము చేసి ఆటపెట్టెతో జతపరచుటచే 1985లో ఆ పెట్టె బొమ్మల అంగళ్లలో చోటు సంపాదించుకొనెను. మరమనిషి వలన ఆటకు ఒరిగినది స్వల్పము, తలుపు తెరచుటయే దాని పని. 1986లో ఆయన పర్యవేక్షణమున వచ్చిన మెట్రాయిడ్ ఆటలో కవచధారియైన వీరుడు చీకటి గుహలలో ఒంటరిగా పోరాడును. ఆటను వేగముగా ముగించినవారికి మాత్రము తుదిని కవచము తొలగి ఆ వీరుడు స్త్రీ యని తెలియును. అంతవరకు ఆడినవారిలో ఎవరును ఊహింపని విషయము.

ఇక ఆయన జీవితమున ప్రధానఘట్టము. గేమ్ అండ్ వాచ్‌లో ఒక యంత్రమునకు ఒకే యాట. ఆటల చీటీలను మార్చుకొనుచు ఎన్ని ఆటలైనను ఆడదగిన చేతియంత్రము కావలెనని 1980 దశకము చివర ఆయన బృందము పూనుకొనెను. అందులో ప్రధాన సహాయుడు సతోరు ఒకాడా. యంత్రము బలమైనదిగా నుండవలెనని ఒకాడా, చౌకగా నుండవలెనని యోకోయి. ఇరువురి పట్టుదలల నడుమ గేమ్ బాయ్ రూపొందెను. మొదట ఎంచిన పలక సూటిగా చూచిననే గాని కనబడదు. కొంచెము ప్రక్కకు వంచినచో బొమ్మ మాయమగును. యమౌచి దానిని చేతబట్టి చూచి, కనబడని ఆట ఎవరికి కావలెనని త్రోసివైచెను. ఏండ్ల శ్రమ అంతయు నీటిపాలగునేమో యని యోకోయి కుమిలిపోయెను. తుదకు షార్ప్‌వారు మరియొక జాతి పలకను సమకూర్చుటచే గండము గడచెను.

1989 ఏప్రిల్ 21న గేమ్ బాయ్ జపానులో విడుదలయ్యెను. ధర 12,500 యెన్లు. పాచిరంగు పలకపై నాలుగు ఛాయలు తప్ప రంగు లేదు. వెలుగునిచ్చు దీపము లేదు. సంస్థలోనే కొందరు పెదవి విరిచిరి. ఆ యేడే అటారీవారు లింక్స్ అను యంత్రమును, మరుసటి యేడు సెగావారు గేమ్ గియర్‌ను నిండు రంగులతో, వెనుక దీపముతో తెచ్చిరి. చూచువారి కన్ను అటే లాగును. కాని ఆ రంగులకు బ్యాటరీలు ఆహుతి కావలసియుండెను. వానికి ఆరు బ్యాటరీలు వేసినను నాలుగైదు గంటలు నడచుట గగనము. గేమ్ బాయ్ నాలుగింటితో పదునైదు గంటలు దాటి నడచును. బ్యాటరీలు కొనిపెట్టువారు తండ్రులు గదా! ఈ లెక్క పిల్లలకంటె ముందు వారికి బోధపడెను.

రంగును గూర్చి యోకోయికి ఒక నిశ్చితాభిప్రాయము కలదు. ఉపాధ్యాయులకు అది చప్పున తెలియును. నల్లబల్లపై సుద్దతో రెండు వృత్తములు గీసి మంచుమనిషి యన్నచో, చూచు బాలుని మనస్సే వానికి మంచుతెలుపును అద్దుకొనును. ఆటలో లీనమైనవానికి లేని రంగు కనబడును, లీనము కానివానికి ఉన్న రంగును కనబడదు. వామనగుంటలలోని చింతగింజలకును, నేలపై బొగ్గుతో గీసిన పులిజూదపు గళ్లకును రంగెవరు వేసిరి? తరములు తరములు వానిపై వంగి కూర్చుండలేదా?

జపానులో మొదట సిద్ధపరచిన మూడు లక్షల యంత్రములు రెండు వారములలో చెల్లిపోయినవి. అమెరికాకు పంపునప్పుడు దానితో ఏ ఆటను జతచేయవలెనను ప్రశ్న వచ్చెను. సోవియట్ శాస్త్ర పరిషత్తు గణనకేంద్రమున పనిచేయుచుండిన అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో కల్పించిన టెట్రిస్‌కు చేతియంత్రపు హక్కులను హెంక్ రోజర్స్ యను నాతడు సంపాదించెను. మారియోను జతచేసినచో బాలురు మాత్రమే కొందురు, టెట్రిస్‌ను జతచేసినచో అందరును కొందురని ఆయన నింటెండో అమెరికా శాఖను ఒప్పించెను. అట్లే జరిగెను. వెలుతురు చాలని పలకపై బూడిదరంగు దిమ్మెలు రాలుచుండగా ఆడుటకు రంగేల? ఆ యాటకు ఆ యంత్రము, ఆ యంత్రమునకు ఆ యాట పుట్టినట్లుండెను. 1991 నాటి గల్ఫ్ యుద్ధములో బాంబు దాడికి గురియై పైతొడుగు కాలి మసియైన గేమ్ బాయ్ ఒకటి ఇంకను నడచుచుండుట చూచి, దానిని న్యూయార్కు నగరపు నింటెండో అంగడిలో చాలకాలము ప్రదర్శించిరి.

ఆ యంత్రమునకు ప్రక్కన ఒక చిన్న రంధ్రము కలదు. తీగతో రెండు యంత్రములను కలిపి ఇరువురు ఆడుకొనుటకు అది యుద్దేశింపబడినది. ఏడేండ్లు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1996లో సతోషి తజిరి అనునాతడు ఆ తీగను చూచి, చిన్ననాడు తాను పురుగులు పట్టి సీసాలలో దాచుకొన్న వేడుకను దానితో ముడిపెట్టి పోకెమాన్ ఆటను చేసెను. అందులో 151 జంతువులు కలవు. ఒక్కని చీటీలో అన్నియు దొరకవు. తన కడ లేనిది తోటివాని కడ నుండును. తీగ కలిపి ఇచ్చిపుచ్చుకొననిదే సంగ్రహము పూర్తికాదు. నీకేది యిష్టము, నీ దగ్గర ఏదున్నదని పిల్లలు ఒకరినొకరు అడుగుకొనునట్లు చేసిన ఆట అది. ముసలిదైపోయినదనుకొన్న గేమ్ బాయ్ దానితో మరల పడుచుదయ్యెను. గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు కలిసి 11 కోట్ల 86 లక్షలు అమ్ముడుపోయినవి.

1990 దశకమున మన పట్టణములలోను, తీర్థములలోను ఇటుకల ఆట యను పేర అమ్మిన చౌకబారు చేతియంత్రములు ఈ వంశమునకు దాయాదులే. వాని పెట్టెపై తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది ఆటలని వ్రాసియుండెడిది, లోపల పదియో పదునైదో యుండెడివి. గేమ్ బాయ్ కొనలేని ఇండ్లలోనికి టెట్రిస్ వచ్చినది ఆ దొడ్డిదారినే. నింటెండోకు దానివలన దమ్మిడీ రాలేదు. కాని చౌకగా, రంగు లేకుండ, పిడికిట పట్టునట్లు ఉండవలెనన్న యోకోయి తలపు అనుకరణములందు సైతము నిలిచెను.

ఇంత పేరు వచ్చిన పిదప ఆయనకు తగిలిన దెబ్బ వర్చువల్ బాయ్. కండ్లకు అద్దముల వలె ఆనించుకొని చూచినచో బొమ్మలు లోతుగా కనబడు యంత్రమది. అమెరికా మసాచుసెట్సులోని ఒక సంస్థ కల్పించిన తెరను ఆధారము చేసికొనిరి. చౌకయును, విద్యుత్తు తక్కువ త్రాగునదియు నగుటచే ఎరుపు దీపములనే వాడిరి. సూత్రము పాతదే. కాని నల్లని చీకటిలో ఎర్రని గీతలు చూచి చూచి ఆడువారికి తలనొప్పి వచ్చెను. తలకు ధరింపవలసినది బరువై బల్లపై నిలుపవలసినది కాగా, మెడ వంచి దానిలోనికి తొంగిచూడవలసి వచ్చెను. 1995 జులైలో జపానున విడుదలయై ఆ సంవత్సరాంతమునకే అక్కడ ఆగిపోయెను. మరుసటి యేటి వసంతమునకు అమెరికాలోను ఆగెను. అమ్ముడుపోయినవి 7,70,000 మాత్రమే. వెలువడిన ఆటలు ఇరువదిరెండు. కారణములు చాలామంది చాల చెప్పిరి. ఒకటి మాత్రము స్పష్టము. గేమ్ బాయ్ ఆడువాని భుజముపైనుండి తమ్ముడు తొంగిచూడగలడు, నాకిమ్మని అడుగగలడు. వర్చువల్ బాయ్‌లోనికి తలదూర్చినవాడు ఏమి చూచుచున్నాడో ప్రక్కవానికి తెలియదు. చౌక యను సూత్రము నిలిచినది గాని, నలుగురిలో ఆడుట యను సుఖము పోయినది.

గేమ్ బాయ్‌ను సన్నగా చేసి 1996 జులైలో పాకెట్ రూపమున విడుదల చేసిన పిదప, ఆ ఆగస్టు 15న యోకోయి నింటెండోను విడిచెను. ముప్పదియొక్క యేండ్ల సేవ. వర్చువల్ బాయ్ పరాజయమునకు ప్రాయశ్చిత్తముగా వెడలగొట్టబడెనని లోకము చెప్పుకొనెను. ఏబదియేండ్లు దాటిన పిమ్మట స్వతంత్రముగా పనిచేయవలెనని తాను ఎంతో ముందే తలచితినని ఆయన చెప్పుకొనెను. ఓడినవాడు వెళ్లిపోయినాడన్న కథ వినుటకు రుచిగా నుండును. కాని ఓడిన వెంటనే గాక, పాకెట్ రూపము జయించువరకు ఆగి వెళ్లెనన్న సంగతి ఆ కథలో ఇమడదు. క్యోటోలోనే కోటో అను పేర ఒక చిన్న ప్రయోగశాల స్థాపించి, తానొకనాడు తీరిక వేళ చేసికొన్నట్లే, చిన్న చిన్న ఆటవస్తువులు చేయుటకు పూనుకొనెను. బండాయ్ సంస్థ క్రొత్త చేతియంత్రమును చేసియిమ్మని కోరెను. నింటెండోతోనే పోటీ పడవలసిన పని.

1997 అక్టోబరు 4వ తేదీన ఆయన తన సహచరునితో కారులో ఇషికావా జిల్లాలోని హొకురికు రహదారిపై పోవుచుండగా వారి కారు ముందున్న లారీని తాకెను. పెద్ద ప్రమాదము కాదు. దెబ్బ ఎంత తగిలినదో చూడవలెనని ఇరువురును క్రిందికి దిగిరి. వెనుకనుండి వచ్చిన మరియొక కారు ఆయనను కొట్టెను. వైద్యశాలకు చేర్చినను దక్కలేదు. అప్పటికి ఆయనకు ఏబదియారేండ్లు.

బండాయ్ కొరకు మొదలిడిన యంత్రము వండర్‌స్వాన్ అను పేర 1999 మార్చి 4న వెలువడెను. ధర 4,800 యెన్లు. పలక రంగులేనిదే. అడ్డముగాను నిలువుగాను పట్టుకొని ఆడదగినది. గేమ్ బాయ్‌కు మొదట నాలుగు బ్యాటరీలు వలసియుండగా దీనికి ఒక్కటి చాలెను. ఆ యొక్కదానితోనే ముప్పది గంటలు నడచెను. దానితో వచ్చిన ఆటలలో చెదరిన గీతలను ఒక అంచునుండి మరియొక అంచునకు కలుపు చిక్కుముడి యాట యొకటి కలదు. ఆయన ఆలోచనలోనే పుట్టి, ఆయన పోయిన పిదప పూర్తియైన ఆ యాటకు సహచరులు గుంపే యనియే పేరు పెట్టిరి. 2003లో అమెరికాలోని ఆటల రూపకర్తల సంఘము ఆయనకు జీవితసాఫల్య పురస్కారమును ప్రకటించెను. అందుకొనుటకు ఆయన లేడు.